చివర్లో ముసుగు తీసేయండి

ముందే చెప్పేస్తున్నాను, కంగారు పడకండి. అంతా బాగానే ముగిసింది. తలుపు భద్రంగా ఉంది. ఉద్యోగం ఉంది. కళ్ళు రెండూ కనిపిస్తున్నాయి, కాస్త ఎర్రగా ఉన్నాయంతే. కానీ మొన్న శుక్రవారం ప్రత్తిపాడు దగ్గర కోల్డ్ స్టోరేజీలో నేను చేసిన నిర్వాకం వింటే మీరు తాగుతున్న టీ ముక్కులోంచి వస్తుంది. గ్లాసు కింద పెట్టి వినండి.

నా సంసారం సంగతి మీకు తెలుసుగా. మా ఆవిడ వాణికి బ్యాంకులో ట్రాన్స్‌ఫర్ వచ్చి రెండేళ్ళయింది, నాగపూర్‌కి. పిల్లలిద్దరూ తల్లితో వెళ్ళారు. నేను బ్రాడీపేటలో ఓ క్లినిక్ పైన రెండు గదుల్లో ఉంటూ వాళ్ళని ఫోన్లో పెంచుతున్నాను. నవ్వకండి, నిజంగానే పెంచుతున్నాను! గోడమీద ఇద్దరి స్కూలు టైంటేబుళ్ళూ ఉంటాయి. నా ఫోన్లో కనిపించేది గుంటూరు వాతావరణం కాదు, నాగపూర్‌ది. ఇక్కడ వానలో నేను తడుస్తూ నిలబడి, అక్కడ మబ్బు పట్టిందని “గొడుగు పెట్టుకున్నారా?” అని ఫోన్ చేసిన రోజులున్నాయి.

వాణికి విసుగొచ్చి ఒకసారి అనేసింది కూడా. “ఏవండీ, పెద్దది గొడుగు పెట్టుకుంది. పళ్ళు తోముకుంది. నీళ్ళసీసా నింపుకుంది. ఊపిరి కూడా పీలుస్తోంది. ఇంకేమైనా ఉన్నాయా మీ లిస్టులో?”

ఉన్నాయి. కానీ చెప్పలేదు.

పెద్దది హారిణి, పదమూడేళ్ళు. స్కూలు ఖోఖో టీములో ఆడుతుంది. దాని మ్యాచ్‌కి వస్తానని రెండుసార్లు మాటిచ్చాను, రెండుసార్లూ ఆఫీసు పని అడ్డొచ్చి వెళ్ళలేదు. మొదటిసారి అలిగింది, ఫర్వాలేదు. రెండోసారి అలగలేదు. “సరే నాన్నా” అంది. ఆ ‘సరే’ విన్నాక నాకు వారం రోజులు అన్నం సహించలేదు. మొన్న శనివారం ఫైనల్. అందుకే ఈసారి మాటే ఇవ్వలేదు. “కుదరదమ్మా” అని చెప్పేసి, గుట్టుగా టికెట్ బుక్ చేసుకున్నాను. శుక్రవారం సాయంత్రం ఐదున్నరకి గుంటూరులో బండెక్కితే విజయవాడలో నాగపూర్ బండి అందుతుంది. వాణికి తప్ప ఎవరికీ తెలియదు.

ఇక ఉద్యోగం. మాది ఆరుగురం పనిచేసే చిన్న కంపెనీ. మిరపకాయలు నిల్వ చేసే కోల్డ్ స్టోరేజీల తలుపులకి ఎలక్ట్రానిక్ తాళాలు చేస్తాం. తలుపు పక్కన చిన్న పెట్టె ఉంటుంది, దాన్లో ఒక రహస్య అంకె ఉంటుంది. కార్డు పెడితే ఒక సంకేతం వెళుతుంది. పెట్టె తన రహస్య అంకెతో లెక్క కట్టి ఆ సంకేతాన్ని విప్పుతుంది. జవాబు సరిపోతే పచ్చలైటు, తలుపు తెరుచుకుంటుంది. ఆ లెక్క కట్టే కోడ్ రాసేది నేను.

ఇక్కడ ఒక చిక్కుంది. రహస్య అంకె బయటికి రాదు గానీ, లెక్కకి ఎంతసేపు పట్టిందో బయటికి తెలిసిపోతుంది. ఒక సంకేతానికి వెంట్రుకవాసి ఎక్కువ, ఇంకోదానికి వెంట్రుకవాసి తక్కువ. దొంగ తలుపు దగ్గర నిలబడి, తను ఎంచుకున్న సంకేతాలు వేలసార్లు పంపి, దేనికెంతసేపు పట్టిందో కొలుచుకుంటూ పోతే మెల్లగా రహస్య అంకెని ఊహించేస్తాడు. తాళం ముట్టుకోకుండానే!

దీనికి విరుగుడు బ్లైండింగ్. మా ఆఫీసులో ‘ముసుగు’ అంటాం. వచ్చిన సంకేతాన్ని ఉన్నదున్నట్టు లెక్కలోకి పంపకుండా, పెట్టె అప్పటికప్పుడు ఏదో ఒక అంకె తీసుకుని దాంతో గుణించి ముసుగేస్తుంది. ప్రతిసారీ కొత్త అంకె. లెక్కంతా ముసుగులోనే జరుగుతుంది. దొంగ ఎంత కొలిచినా వాడు కొలిచేది వాడు పంపిన సంకేతాన్ని కాదు, ముసుగుని. లెక్క అయ్యాక ముసుగు తీసేస్తే అసలు జవాబు బయటికొస్తుంది.

ముందటి ఆదివారం వీడియో కాల్లో పిల్లలకి ఇదంతా వివరించాను. హారిణి చాలా శ్రద్ధగా వింది. మధ్యలో రెండు ప్రశ్నలు కూడా వేసింది. నేను మురిసిపోయాను. అప్పుడే అనుమానించాల్సింది.

శుక్రవారం పొద్దున పెట్టెలో కొత్త కోడ్ ఎక్కించడానికి కోల్డ్ స్టోరేజీకి వెళ్ళాను. బట్టల బ్యాగు కూడా వెంట తీసుకెళ్ళాను, పని కాగానే అటునుంచటే స్టేషన్‌కి. అక్కడ మేనేజరు ఆంజనేయులు గారు. యాభై అయిదేళ్ళుంటాయి. ఆయన మామూలుగా మాట్లాడినా పక్క పొలంలో పత్తి తీసేవాళ్ళు తలెత్తి చూస్తారు.

“సారూ, మీ పాత పెట్టె బాగా నిదానమండీ! కార్డు పెట్టాక తలుపు తెరుచుకునేసరికి మా వాళ్ళ నెత్తిమీద బస్తాలు మొలకెత్తుతున్నాయి. ఈసారన్నా గబుక్కున తెరుచుకునేది పెట్టండి!”

కోడ్ ఎక్కించాను. కార్డు పెట్టాను. ఎర్రలైటు. మళ్ళీ పెట్టాను. ఎర్రలైటు. తుడిచి పెట్టాను. ఎర్రలైటే. వెనకాల హమాలీలు బస్తాలతో బారుగా నిలబడిపోయారు.

“నిదానమన్నానని అసలుకే మానిపించారా సారూ?” అన్నారు ఆంజనేయులు గారు.

ఆఫీసుకి ఫోన్ చేశాను. మా లీడ్ మేరీ సుజాత గారు తీశారు. ఆవిడ ఆదివారాలు చర్చిలో పిల్లలకి సండే స్కూల్ చెప్తారు, మిగతా రోజులు మాకు చెప్తారు. నా కోడ్ తెరిచి చూశారు. ఇవతల లారీ వెనక్కొస్తోంది, క్లీనరు “రాయ్ రాయ్ రాయ్” అంటున్నాడు. అందులోంచి ఆవిడ గొంతు.

“చూశానండీ! చివర్లో ముసుగు తీసేయండి. తలుపు తెరుచుకుంటుంది!”

“తీసేయమంటారా?”

“అయ్యో, తీసేయాలి కదండీ! తీయకపోతే ఎలా తెరుచుకుంటుంది?”

“అంటే... చివర్లో...”

“ఆ, చివర్లోనే!” లారీ హారన్ కొట్టింది. ఫోన్ కట్టయింది.

నేను కాసేపు ఆలోచించాను. నెలరోజులు కష్టపడి పెట్టిన ముసుగు, తీరా చివర్లో తీసేయడమా? కానీ పెద్దావిడ చెప్పారు. ఆంజనేయులు గారు కూడా నిదానం అంటున్నారు, బహుశా ఆయన ఆఫీసుకి కూడా ఫోన్ చేసి అరిచి ఉంటారు. పైగా గడియారం రెండున్నర దాటింది. ముసుగేసే లైన్లు అన్నీ తీసేశాను. పెట్టెలోకి ఎక్కించాను. కార్డు పెట్టాను.

పచ్చలైటు! తలుపు గబుక్కున తెరుచుకుంది!

“ఇదీ తలుపంటే!” అని ఆంజనేయులు గారు నా వీపు మీద చరిచారు. నాకు దగ్గొచ్చింది, గర్వం కూడా వచ్చింది. సుజాత గారికి “తీసేశాను, తెరుచుకుంది” అని మెసేజ్ పెట్టాను. ఆవిడ బొటనవేలు గుర్తు పంపారు. ఇంకేం కావాలి?

బయటికొచ్చి ఆటో కోసం బస్తాల పక్కన కూర్చున్నాను. ఒక బస్తా కుట్టు విప్పుకుని మిరపకాయలు నేలమీద పడి ఉన్నాయి. నా బుద్ధి సంగతి మీకు తెలుసు, పక్కన వస్తువు కింద పడి ఉంటే చూస్తూ కూర్చోలేను. రెండు చేతులతో ఏరి బస్తాలో వేస్తున్నాను. అప్పుడు మోగింది ఫోన్. మోచేత్తో స్పీకర్ నొక్కాను. హారిణి. పక్కన మా చిన్నోడు అభి, ఎనిమిదేళ్ళు.

“నాన్నా, అన్నం తిన్నావా?”

“తిన్నానమ్మా.”

“ఏం కూర?”

“దొండకాయ.”

“రేపు ఆఫీసుందా?”

“... ఉంది.”

“ఇప్పుడు ఆఫీసులోనే ఉన్నావా?”

“లేదమ్మా, బయట సైట్లో.”

“రేపు మ్యాచ్‌కి వస్తున్నావా?”

“... ... లేదు బంగారం. చెప్పానుగా, కుదరదని.”

అవతల ఏదో నొక్కిన చప్పుడు. తర్వాత అభి గొంతు, గట్టిగా: “నాలుగు సెకన్లు! అక్కా, నాలుగు!”

“వస్తున్నావు నాన్నా!” హారిణి కేక. “దొండకాయకి ఒక్క సెకను. సైట్‌కి ఒక్క సెకను. ఆఫీసుకి మూడు, మ్యాచ్‌కి నాలుగు! వాడు స్టాప్‌వాచ్ పట్టుకున్నాడు!”

“ఒసేయ్, ఇదేం లెక్కే?”

“నువ్వు చెప్పిందే కదా! ఏం చెప్పారని కాదు, ఎంతసేపటికి చెప్పారో చూడాలి. ముసుగు లేకపోతే ఎవరినైనా ఇట్టే పట్టేయొచ్చు!”

ముసుగు లేకపోతే.

నా చేతిలోని మిరపకాయ జారిపోయింది. ముసుగు లేకపోతే పట్టేయొచ్చు. నేను ముసుగు తీసేశాను. ఎనిమిదేళ్ళ పిల్లాడు స్టాప్‌వాచ్‌తో నన్ను విప్పేశాడే, మరి ఈ తలుపుని? ఎంతమంది రైతుల పంట ఉంది దాని వెనక!

“చివర్లో” అంటే... ఓరి దేవుడా! లెక్క చివర్లోనా?!

గుండె జారిపోయినప్పుడు మనిషి ఏం చేస్తాడు? రెండు అరచేతులూ మొహానికేసి అదుముకుంటాడు. నేనూ అదే చేశాను. గుంటూరు మిరపకాయలు ఏరిన అరచేతులతో.

ఆ తర్వాత నేను పెట్టిన కేక నాగపూర్‌లో స్పీకర్ లేకుండానే వినిపించి ఉంటుంది.

“నాన్నా! నాన్నా! ఏమైంది?”

“ఏం కాలేదమ్మా!” అన్నాను.

“ఐదు సెకన్లు!” అన్నాడు అభి.

ఆంజనేయులు గారు పరిగెత్తుకొచ్చారు. “మొహం మీద ఎవరన్నా చేతులు పెట్టుకుంటారా సారూ, కాయలు పట్టుకుని! మీది గుంటూరేనా అసలు?” అంటూ నీళ్ళు కొట్టారు. తగ్గలేదు. ఎదురు టీ కొట్టులోంచి చల్లటి పాలు తెప్పించి కళ్ళల్లో పోశారు. వచ్చేపోయే హమాలీలందరూ ఆగి నా పాలాభిషేకం చూశారు. నేను కళ్ళు మూసుకునే, “సుజాత గారికి ఫోన్ కలపండి, సుజాత గారికి!” అని అరుస్తున్నాను. కలిపారు.

“సుజాత గారూ, ముసుగు మొత్తం తీసేశానండీ!”

“మొత్తం అంటే?”

“మొత్తమే! మీరే కదా చివర్లో తీసేయమన్నారు!”

“చివర్లో అంటే లెక్క చివర్లో అండీ! ప్రాజెక్టు చివర్లో కాదు! ముసుగేసి లెక్క కట్టారు, కట్టాక ముసుగు తీసే లైను రాయడం మర్చిపోయారు, ముసుగుతో ఉన్న జవాబుకి తలుపెలా తెరుచుకుంటుంది అంటున్నాను నేను!”

“మరి ఆఫీసులో పరీక్షించినప్పుడు బాగానే తెరుచుకుందే?”

ఆవిడ నిట్టూర్చారు. “ఇప్పుడే చూశాను. పరీక్ష కోసం ముసుగు అంకె ఒకటి అని పెట్టుకున్నారు. ఒకటితో గుణిస్తే ఏం మారుతుందండీ? తీసినా తీయకపోయినా ఒకటే!”

నిజమే. పరీక్ష సులువుగా ఉంటుందని నేనే ఒకటి పెట్టాను. పారదర్శకమైన ముసుగేసుకుని నెలరోజులు ఊరేగానన్నమాట.

“సరే, కంగారు పడకండి, లాప్‌టాప్ తీయండి,” అన్నారావిడ.

“తీయలేనండీ. కళ్ళు కనిపించడం లేదు. మిరపకాయలు...”

 అటునుంచి, నవ్వు ఆపుకుంటున్న గొంతుతో: “బ్లైండింగ్ కోడ్‌కి పెట్టమన్నానండీ. మీకు కాదు.”

టైం మూడున్నర. ఐదున్నరకి బండి. కోడ్ పెట్టెలోకి ఎక్కాలంటే ఈ లాప్‌టాప్ నుంచే ఎక్కాలి. అలాగే వదిలేసి, సోమవారం వచ్చి సరిచేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. అబద్ధమెందుకు, రెండు క్షణాలు అనిపించింది. కానీ నేను నాగపూర్‌లో కూర్చుని గుంటూరు తలుపు గురించి బెంగపడతాను. గుంటూరులో కూర్చుని నాగపూర్ గొడుగు గురించి పడే బెంగ చాలదూ?

“ఆంజనేయులు గారూ, మీకు టైపింగ్ వచ్చా?”

“వాట్సప్‌లో గుడ్ మార్నింగ్ పెడతానండీ.”

“చాలు. కూర్చోండి.”

తీసేసిన లైన్లు పాత కాపీలో ఉన్నాయి, అవి ఎలాగో వెనక్కి తెచ్చాం. కొత్తగా రాయాల్సింది ఒక్క లైనే. నేను కళ్ళు మూసుకుని చెప్తుంటే ఆయన ఒక్క వేలితో కొడుతున్నారు. సుజాత గారు స్పీకర్లో.

“జె, ఏ, వి, ఏ, బి, యు...”

“జవాబు! మన తెలుగే కదండీ ఇది! ఇంతోటిదానికి ఇంజినీరింగ్ చదవాలా?”

“ఈక్వల్ టు. మళ్ళీ జవాబు. తర్వాత స్టార్.”

“చుక్కలు ఎక్కడున్నాయి?”

“ఎనిమిది మీద. ఇప్పుడు వి, ఐ, ఆర్, యు, జి, యు, డి, యు.”

“విరుగుడా? కళ్ళకా?”

“కాదండీ, ముసుగుకి! ముసుగేసిన అంకెకి విరుగుడు అంకె! దాంతో గుణిస్తే ముసుగు పోతుంది. తర్వాత పర్సెంట్ గుర్తు.”

“కమీషనా?”

“ఆంజనేయులు గారూ!” అన్నారు స్పీకర్లోంచి సుజాత గారు, సండే స్కూల్ గొంతుతో. ఆయన చటుక్కున సర్దుకుని కూర్చున్నట్టు కుర్చీ కిర్రుమంది.

ఎక్కించాం. కార్డు పెట్టారు.

“పచ్చా?” అన్నాను.

“ఎరుపు సారూ.”

 లైను చదివించుకుంటే తేలింది, విరుగుడులో ఒక ‘యు’ ఎక్కువైంది. “మాట చివర కాస్త సాగదీశానండీ,” అన్నారాయన. సరిచేశాం. మళ్ళీ ఎక్కించాం.

“పచ్చ!” ఈసారి ఆ అరుపుకి నేనే ఉలిక్కిపడ్డాను.

సుజాత గారు వదల్లేదు. ముసుగు అంకె ప్రతిసారీ మారుతోందో లేదో చూశారు. ఆఫీసు నుంచే, నా లాప్‌టాప్ మీదుగా, కొన్ని వందల సంకేతాలు పంపి ఎంతెంతసేపు పడుతోందో కొలిచారు. ఆ పావుగంటా నేను గుడ్డిగా కూర్చుని స్టేషన్ గడియారాన్ని ఊహించుకుంటున్నాను. చివరికి అన్నారు: “బాగుందండీ. సంకేతానికీ సమయానికీ పొత్తు కనిపించడం లేదు. ఇక వెళ్ళండి, పాప మ్యాచ్ ఉంది కదా.”

“మీకెలా తెలుసు?”

“పొద్దున్నుంచి నాలుగుసార్లు టైం అడిగారు. శనివారం సెలవడిగారు. పోయిన రెండు మ్యాచ్‌లూ మన పనివల్లే పోయాయి. నాకేం స్టాప్‌వాచ్ అక్కర్లేదు.”

ఆంజనేయులు గారు తన బండి మీద ఎక్కించుకున్నారు. వెనక నేను, కళ్ళు మూసుకుని, ధారగా కారుతున్న నీళ్ళతో, ఒళ్ళో బ్యాగు పెట్టుకుని. దారిపొడుగునా ఆయన ఆలోచిస్తూనే ఉన్నారు.

“సారూ, ఈ ముసుగు మనుషులకి పెట్టలేమా? మా ఆవిడ ఫోన్ చేసి ఎక్కడున్నావయ్యా అంటుంది. ‘యార్డులో’ అని చెప్పేలోపు ఓ ఊపిరి తీసుకుంటానండీ. ఆ ఊపిరికే పట్టేసుద్ది!”

గుంటూరు సిగ్నల్ దగ్గర పక్కన ఆటోలో పెద్దాయన నన్ను చూసి, గొంతు తగ్గించి అడిగాడు. “ఎవరు పోయారు బాబూ?”

“నా పరువండీ,” అన్నాను. ఆయనకి వినపడలేదు. “ఊరుకో నాయనా, అందరం పోయేవాళ్ళమే,” అన్నాడు.

బండి అందింది. ఐదు నిమిషాలుండగా! సీట్లో కూలబడి హారిణికి ఫోన్ చేశాను. ఈసారి తెలివిగా ఉందామని ప్రతి జవాబుకీ ముందు కావాలనే కాసేపు ఆగాను. అన్నం తిన్నావా? ఆగాను. కళ్ళమంట తగ్గిందా? ఆగాను. బండెక్కావా? ఆగాను. పిల్ల అడిగిందే అడగడం మొదలుపెట్టింది. పదిసార్లు అడిగాక అంది, “నాన్నా, ఊరికే ఆగితే లాభం లేదు. ఎక్కువసార్లు అడిగి సగటు కడితే తెలిసిపోతుంది. నువ్వే చెప్పావుగా, అందుకే ముసుగు కావాలని.”

“ఇంతకీ ఏం తేలింది?”

“నీ వెనకాల ‘చాయ్ చాయ్’ అంటున్నారు నాన్నా. బండెక్కావు.”

శనివారం పొద్దున నాగపూర్ స్టేషన్‌కి ముగ్గురూ వచ్చారు. వాణి నా కళ్ళు చూసి కళ్ళజోడు తీసిచ్చింది, నల్లది.

మ్యాచ్ ఓడిపోయారు. రెండు పాయింట్లు తేడా. కానీ మా పిల్ల ఎంత బాగా ఆడిందనుకున్నారు! స్తంభం చుట్టూ అలా గిర్రున తిరిగి, పాములా జారిపోయి... సరే, అది వేరే టీకి చెప్తాను. ఆట అయ్యాక ఒళ్ళంతా మట్టితో పరిగెత్తుకుంటూ వచ్చింది. నా నల్లకళ్ళజోడు పైకెత్తి చూసింది.

“నాన్నా, ఏడుస్తున్నావా?”

“... ... ... లేదమ్మా. నిన్నటి మిరపకాయ.”

పక్కనుంచి అభి ఫోన్ చూసి నింపాదిగా చెప్పాడు. “ఆరు.”

ఇదండీ సంగతి. ప్రత్తిపాడు తలుపు దగ్గర ఎంతటి గజదొంగ నిలబడి వేలసార్లు కొలుచుకున్నా ఇప్పుడు ఏమీ తేలదు. ఆ తలుపు కోడ్ రాసినవాణ్ణి విప్పడానికి మాత్రం మూడో తరగతి పిల్లాడికి ఒక్కసారి చాలు.